వెనక తలుపు డ్యూటీ

కండక్టరు మోకాలు ఎలా విరిగిందని ఎవరైనా అడిగితే, మొదట్లో అతను “బస్సు ప్రమాదం” అని గంభీరంగా చెప్పి మాట మార్చేసేవాడు. విన్నవాళ్లు అయ్యో అనేవారు. రెండు బస్సులు గుద్దుకున్నాయనుకుని, ఎందరు పోయారని అడిగేవారు. ఎవరూ పోలేదు. పోయింది ఇతని పరువొక్కటే. అదెలా పోయిందో ఇప్పుడు డిపోలో అతనే టీ తాగుతూ, చేతులు తిప్పుతూ, అడగనివాళ్లకు కూడా చెబుతున్నాడు. కాబట్టి మనం చెప్పుకున్నా తప్పులేదు.

ఇరవై ఆరేళ్ల సర్వీసులో అతను గొంతు చించుకుని అరిచిన మాట ఒక్కటే. “ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దు, లోపలికి జరగండి!” ఆ రోజు వెనక గుమ్మంలో నలుగురు పెద్దమనుషులు, ఆఫీసు బ్యాగులతో సహా వేలాడుతున్నారు. బస్సులో ఇసకేస్తే రాలని జనం, వెనక్కి వెళ్లే దారి లేదు. మన మహానుభావుడు ఏం చేశాడు? ముందు గుమ్మంలోకి వచ్చాడు. ఫుట్‌బోర్డు అంచున ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఒళ్లంతా బయటికి వంచి, “ఏమయ్యా, ఫుట్‌బోర్డు మీద వేలాడితే చస్తారు!” అని వెనక్కి కేకేశాడు. చస్తారు అన్న మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే బస్సు మలుపు తిరిగింది. వేలాడుతున్న నలుగురూ నిక్షేపంగా దిగొచ్చి, రోడ్డు మీద పడున్న ఇతన్ని లేపి ఆసుపత్రికి తీసుకెళ్లారు. వాళ్లలో ఒకాయన దారిలో, “కాస్త జాగ్రత్తగా ఉండాలండీ” అని సలహా కూడా ఇచ్చాడు.

మోకాలి చిప్ప రెండు ముక్కలైంది. ఆపరేషను చేసి, లోపల తీగ చుట్టి, కట్టు కట్టారు. డిపో మేనేజరు పళ్లు తీసుకుని చూడ్డానికి వచ్చి, నాలుగు నెలలు సెలవన్నాడు. నాలుగు నెలలయ్యాక డిపో డాక్టరు ముందు పరీక్ష. ఏమీ పట్టుకోకుండా బస్సు మెట్లు పదిసార్లు ఎక్కి దిగాలి. తర్వాత బస్సు డిపో ఆవరణలో ఒక చుట్టు తిరుగుతుంటే లోపల నిటారుగా నిలబడాలి. నెగ్గితే టిక్కెట్ల సంచీ మళ్లీ భుజానికెక్కుతుంది.

“నెగ్గకపోతే?” అని అడిగాడు కండక్టరు.

“మరిచిపోయిన సామాన్ల గది ఉందిగా. హాయిగా కూర్చుని చేసే పని” అన్నాడు మేనేజరు, వరమిస్తున్నట్టు.

ఆ గది కండక్టరుకు తెలుసు. కిటికీ లేని గది. మూడొందల గొడుగులు, మూతలు పోయిన టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, ఎవరివో ఒక కట్టుడు పళ్ల సెట్టు. అక్కడ ఇదివరకు కూర్చున్నాయన రిటైరయ్యేనాటికి గొడుగులతో మాట్లాడేవాడు. ఇతనా, రోజుకు ఆరేడు వందలమందిని కసురుకోకపోతే అన్నం సయించని మనిషి. గొడుగులను ఏమని కసురుకుంటాడు?

అయితే కట్టు విప్పిన మర్నాటి నుంచే లేచి నడవాలి కదా. లేవలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి రెండుసార్లు ఇంటికొచ్చి, “రోజూ ఇరవైసార్లు మునివేళ్ల మీద లేవండి అంకుల్, ఇరవైసార్లు మోకాలు వంచి కూర్చుని లేవండి” అని బొమ్మలేసి ఉన్న కాగితం ఇచ్చి వెళ్లింది. ఆ కాగితం మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. ఎవరడిగినా “నొప్పి” అన్నాడు. నొప్పి కాదు, భయం. ఆ కాలి మీద బరువు వేయబోతే చాలు, రోడ్డు లేచి మొహం మీదికి వచ్చినట్టయ్యేది. యాభై నాలుగేళ్ల వయసులో, అంత నోరున్న మనిషి, నాకు భయమేస్తోందని ఎవరితో చెప్పుకుంటాడు? నామోషీ కాదూ! అందుకని మంచం మీదే మహారాజులా పడుకుని, చెయ్యి చాస్తే అందే నీళ్ల గ్లాసు కోసం వంటింట్లో ఉన్న భార్యను పిలిచేవాడు.

ఆవిడది బట్టల షాపులో ఉద్యోగం. పొద్దున్న తొమ్మిదికి వెళ్తే సాయంత్రం దాకా కౌంటరు దగ్గర నిలబడే ఉండాలి. కూర్చోవడానికి స్టూలుంది. కస్టమరు ఉండగా కూర్చోకూడదు, కస్టమరు లేని నిమిషం ఉండదు. పాదాలు వాచి ఇంటికి వచ్చి, ఆ వాచిన పాదాలతోనే ఇతనికి నీళ్లందించేది.

“ఏవండీ, నాలుగడుగులు వేయండి. నా భుజం పట్టుకోండి.”

“రేపట్నించి.”

“నిన్న కూడా రేపన్నారు.”

“నిన్నటి రేపు వేరు, ఇవాళ్టి రేపు వేరు. నీకు చెప్పినా అర్థం కాదులే.”

బతిమాలింది, కోప్పడింది, చెవినిల్లు కట్టుకుని పోరింది. నలభై రోజులు గడిచాయి. ఇతనికి చీమ కుట్టినట్టు కూడా లేదు.

నలభై ఒకటో రోజు సాయంత్రం ఆవిడ బట్ట సంచీ తెచ్చి అతని మంచం మీద పెట్టింది. సంచీ కదిలింది.

“ఏంటే అది?”

“పిల్లి. షాపు గోడౌన్లో ఎలుకల కోసం పెట్టుకున్నారు. ఎలుకల్ని వదిలేసి కొత్త బట్టల మీద పడుకుంటోందని మా ఓనరు వెళ్లగొట్టమన్నాడు.”

“వెళ్లగొట్టమంటే మనింటికనా?”

“పగలంతా ఒక్కరే ఉంటున్నారుగా. మీకు తోడు” అంది, మొహం అటు తిప్పుకుని.

సంచీలోంచి బూడిదరంగు పిల్లి ఒకటి తల బయటపెట్టి, గదంతా ఒకసారి చూసి, ఇతన్ని మాత్రం చూడకుండా, కిటికీ పక్కన ఉన్న ఒకే ఒక్క మెత్తని కుర్చీలోకి ఎక్కి కూర్చుంది. టిక్కెట్టడిగినా తల తిప్పని ప్రయాణికులు కొందరుంటారు, నెలవారీ పాసువాళ్లు. కండక్టరు దానికి అక్కడికక్కడే పాసుగాడని పేరు పెట్టాడు.

ఇక ఇంటి సంగతి చెప్పాలి. రెండు గదులు, ఒక వంటిల్లు. కిటికీలన్నిటికీ దోమల జాలీ కొట్టేసి ఉంది. ముందు తలుపు రోడ్డు మీదికి, ఆ రొదకు పాసుగాడు అటు తొంగి కూడా చూడడు. మిగిలింది వంటింటి వెనక తలుపు, దాని వెనక పెరడు, పిట్టగోడ, సందు. పిల్లి రావాలన్నా పోవాలన్నా అదొక్కటే దారి. దానికి పిల్లి దూరే కంత లేదు. ఆ తలుపుకు పైన ఒక బోల్టు, మధ్యలో ఒకటి, కింద ఒకటి ఉండేవి. మధ్య బోల్టు ఊడిపోయిందని, పిల్లి వచ్చిన రోజు పొద్దున్నే ఆవిడ తమ్ముడు, వడ్రంగి, రిపేరుకని పట్టుకెళ్లాడు. పాతకాలపు చెక్క, వంకర తిరిగిపోయింది. మధ్య బోల్టు లేకపోతే, పైనా కిందా రెండు బోల్టులూ వేస్తే గానీ తలుపు మూసుకోదు. పై బోల్టు అందాలంటే మునివేళ్ల మీద లేవాలి. కింది బోల్టు తుప్పు పట్టింది, మోకాలు వంచి కూర్చుని రెండు చేతులతో లాగాలి.

మర్నాడు పదింటికి పాసుగాడు వెనక తలుపు దగ్గర నిలబడి “మ్యావ్” అన్నాడు.

“నీ స్టాపు ఇంకా రాలేదు” అన్నాడు కండక్టరు మంచం మీంచి.

పాసుగాడు తలుపు గీరాడు. వంటిల్లంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. ఆనక గదిలోకి వచ్చి, కుర్చీ మీద ఇస్త్రీ చేసి పెట్టిన యూనిఫారం ఎక్కి, గుండ్రంగా రెండు చుట్లు తిరిగి, తోక పైకెత్తి, కాళ్లు వంచాడు. వాడి ఉద్దేశం ఏమిటో పసిపిల్లాడికైనా తెలుస్తుంది.

“ఆగు! ఆగరా నాయనా!”

ఎలా లేచాడో అతనికే తెలీదు. కర్ర పట్టుకున్నాడు, గోడ పట్టుకున్నాడు, గ్యాస్ బండ పట్టుకున్నాడు, తలుపు చేరాడు. మునివేళ్ల మీద లేచి పై బోల్టు తీశాడు. చమటలు పట్టాయి. గోడకు జారుకుంటూ కిందికి దిగి, కింది బోల్టునూ, దాన్ని చేసినవాణ్ణీ, పిల్లినీ, పిల్లిని తెచ్చినావిణ్ణీ వరసగా తిట్టి లాగాడు. తలుపు తెరుచుకుంది.

పాసుగాడు గడప మీద ఆగాడు. ముందు కాళ్లు బయట, వెనక కాళ్లు లోపల. ఆకాశం చూశాడు. గోడ చూశాడు. తోక ఊపాడు. లోపలికి రాడు, బయటికి పోడు.

“ఒరేయ్! ఎక్కితే ఎక్కు, దిగితే దిగు! గుమ్మంలో నిలబడొద్దని ఇరవై ఆరేళ్లుగా మొత్తుకుంటున్నాను!”

పిల్లి బయటికి వెళ్లింది. ఇతను పై బోల్టు వేసి, కింది బోల్టు వేసి, ఉసూరుమంటూ మంచం చేరి, కాలు చాపుకుని, అమ్మయ్య అన్నాడు.

బయట్నించి “మ్యావ్.”

ఆ రోజు పదకొండు ట్రిప్పులు. మర్నాడు పదమూడు. వాన పడ్డ రోజు పంతొమ్మిది. పాసుగాడు వానలోకి వెళ్లి, వాన పడుతోందని తెలుసుకుని, వెంటనే వెనక్కి వచ్చి, ఈసారి తగ్గిందేమో చూడటానికి మళ్లీ వెళ్లేవాడు. తలుపు ముయ్యకుండా వదిలేద్దామని ఒకరోజు ఎదురుతిరిగాడు కండక్టరు. పావుగంటలో సందులో ఉండే నల్ల కుక్క నెట్టుకుని లోపలికి వచ్చి, అతని కోసం మూతపెట్టిన అన్నం సాంతం తినేసి, అతని మంచం మీదే ఒళ్లు విరుచుకుంది. పాసుగాడు బీరువా పైనుంచి వినోదం చూశాడు.

“ఇవాళ కుక్క దూరింది. నా అన్నం అంతా తినేసింది” అని సాయంత్రం భార్యకు ఫిర్యాదు చేశాడు.

“మరి మీరేం చేశారు?”

“కర్ర తీసుకుని తరిమాను.”

“ఎంతదాకా?”

“సందు చివరిదాకా! నన్నేమనుకున్నావు?”

ఆవిడ గబుక్కున పొయ్యి వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. కుక్క సంగతికి నవ్వుతోందనుకున్నాడు. కర్రను కుక్క మీద ఎత్తితే తను దేని మీద ఆనుకుని పరిగెత్తినట్టో ఆ మేధావికి తట్టలేదు.

అప్పట్నించి రోజూ బావమరిదికి ఫోను.

“ఒరేయ్, తలుపు కింద పిల్లి పట్టేంత కంత కోసి, దానికో చిన్న రెక్క బిగించరా. గంట పని.”

“తప్పకుండా బావా. రేపొస్తా.”

రేపు వచ్చేది, బావమరిది వచ్చేవాడు కాదు. ఒకసారి రంపం పదును పెట్టించాలన్నాడు. ఒకసారి ఆ చెక్కకు పగులుంది, కోస్తే తలుపే పోతుందన్నాడు. ఇంకోసారి, “పిల్లి ఇంకా ఎదిగే వయసు కదా బావా. ఇప్పుడు కొలత తీసుకుంటే రేపు బిగుతవుద్ది” అన్నాడు.

“దానికేమన్నా స్కూలు బట్టలు కుట్టిస్తున్నామారా?”

“అది కాదు బావా, పని చేస్తే కలకాలం ఉండాలి.”

“మధ్య బోల్టన్నా తెచ్చివ్వు!”

“స్ప్రింగు దొరకట్లేదు బావా.”

బోల్టుకు స్ప్రింగేమిటని అడగాలని ఫోను పెట్టేశాక తోచింది. రోజుకు ఏడొందల మంది చెప్పే అబద్ధాలను మొహం చూసి పట్టేసేవాడు, తమ్ముడి లాంటివాడు చెప్పిన అబద్ధానికి నెలన్నర పాటు తలూపాడు.

పరీక్ష సోమవారం. ముందురోజు ఆదివారం బావమరిది ఎట్టకేలకు పనిముట్ల పెట్టెతో దిగాడు. రేపు టిక్కెట్ల సంచీ దక్కినా, గొడుగుల గది దక్కినా, ఎల్లుండి నుంచి పగలు ఇంట్లో మనిషుండడు, పిల్లికి దారి చేయక తప్పదు. అక్కా తమ్ముడూ పెరట్లో మాట్లాడుకుంటుంటే, కండక్టరు ఊరుకోలేక, పిల్లి నడుము కొలత తనే తీద్దామని, టేపు కోసం పెట్టె తెరిచాడు.

టేపు కింద కాగితంలో చుట్టిన బోల్టు. ఆకుపచ్చ రంగు, తన తలుపు రంగు. ఊడిన పిడి చోట కొట్టిన మేకు వంకరగా దిగి ఉంది. ఎనిమిదేళ్ల కిందట మేకు కొట్టి, ఇంత చక్కగా ఎవడూ కొట్టలేడని భార్యకు చూపించుకున్నది తనే. అటూ ఇటూ ఆడించి చూశాడు. నూనె రాసినట్టు కదిలింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగంగల్లో పెరట్లో ఉన్నాడు.

“ఏరా, దీనికేం రోగం?”

బావమరిది బోల్టు వంక చూశాడు, అక్క వంక చూశాడు. “దానికెప్పుడూ ఏం కాలేదు బావా. అక్క ఊడదీయమంది. కంత కూడా నువ్వు బాగా నడిచేదాకా కోయొద్దంది. నాదేం లేదు.”

“అంటే పిల్లిని తేవడం, బోల్టు పీకించడం, అంతా ప్లానా? నన్ను పిల్లికి గేటుమన్ను చేశారా? నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా, నాతో ఆటలా?”

“అవును, చేశాను” అంది భార్య. ఆవిడ గొంతు పెంచలేదు. “నలభై రోజులు మీ చేతులు పట్టుకుని బతిమాలాను. పొద్దున్నుంచీ నిలబడొచ్చిన కాళ్లతో మీకు నీళ్లందించాను. మీరు గ్లాసు కోసం కూడా లేవలేదు. పిల్లి నాలుగుసార్లు అరిస్తే లేచారు. లేస్తారనే తెచ్చాను. లేచారని తెలిసిన రోజు ఎంత సంతోషపడ్డానో మీకు తెలీదు. తర్వాత ఏడుపొచ్చింది. నా కోసం లేవలేదు కదా, పిల్లి కోసం లేచాడు కదా ఈ మనిషి, అని.”

చిల్లర లేదన్నవాడికి, స్టాపు దాటించావన్నవాడికి, పెద్ద ఆఫీసర్ల బంధువులమన్నవాళ్లకు, అందరికీ కండక్టరు దగ్గర జవాబుండేది. ఇప్పుడు బోల్టు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నాకు భయమేసింది, అదే నిజం అనన్నా అనొచ్చు. అదీ అనలేకపోయాడు.

“మరి... కంత కోసేయనా అక్కా?” అన్నాడు బావమరిది. రంపం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాడు.

సోమవారం డిపోలో డాక్టరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేనేజరు కాగితం పట్టుకున్నాడు. బస్సు ముందు తలుపు తెరిచి ఉంది, మూడు మెట్లు. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే మళ్లీ రోడ్డు లేచింది, మొహం మీదికి. చెయ్యి కమ్మీ వైపు పోయింది. పట్టుకుంటే అయిపోయినట్టే. చెయ్యి వెనక్కి లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. ఎక్కాడు. దిగాడు. నాలుగోసారికి కాలు వణకడం ఆగింది. ఏడోసారికి కింద నిలబడి చూస్తున్న పాత డ్రైవరును “దారికడ్డంగా ఏంటయ్యా?” అని కసిరాడు. అప్పుడు నమ్మకం కుదిరింది డాక్టరుకు. ఆవరణలో చుట్టు తిరిగేటప్పుడు ఆ డ్రైవరు కావాలనే ఒక మలుపు గట్టిగా కొట్టాడు. ఇతను నిలబడే ఉన్నాడు.

“గురువారం నుంచి డ్యూటీ” అన్నాడు మేనేజరు.

టీ ఇప్పించమని తోటివాళ్లు చుట్టూ మూగారు. మామూలుగా అయితే రెండు గంటలు కోతలు కోసేవాడే. రేపు తాగుదామని చెప్పి నాలుగింటికల్లా ఇల్లు చేరాడు. భార్యకు ఫోను చేయబోయి మానేశాడు. ముందు గదిలో కూర్చున్నాడు. కాసేపటికి లేచి నిలబడ్డాడు.

ఆవిడ ఎన్నింటికి వస్తుందో అతనికి తెలియదు. ఊళ్లో ఏ నంబరు బస్సు ఏ స్టాపుకు ఎన్నింటికి వస్తుందో నిద్రలో లేపినా చెబుతాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో భార్య ఇంటికొచ్చే వేళ మాత్రం తెలియదు. ఆవిడ వచ్చే సమయానికి ఇతను డ్యూటీలో ఉండేవాడు, ఈ నాలుగు నెలలూ మంచం మీద ఉన్నాడు. ఆవిడ తన తాళం తీసుకుని తనే వచ్చేది. ఆ సంగతి ఇవాళ గడియారం చూస్తుంటే తట్టింది. సిగ్గేసింది.

ఆరింటి నుంచి తలుపు దగ్గరే కాపలా. అడుగుల చప్పుడు విని తీస్తే ఎదురింటి మాస్టారు. మళ్లీ తీస్తే ఎవరో అడ్రసు అడిగేవాడు. మూడోసారి పక్కింటావిడ.

“ఎవరికోసం అన్నయ్యగారూ?”

“గాలికండీ” అన్నాడు, తలుపు వేసేస్తూ.

ఆరూ నలభైకి బయట మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. నెమ్మదిగా, ఒక్కో మెట్టు మీదా ఆగి ఆగి. సంచిలో తాళం చెవి వెతుక్కుంటున్న చప్పుడు. తలుపు తీశాడు.

ఆవిడ చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. అతన్ని చూసింది. అతని కాళ్ల వైపు చూసింది. తర్వాత పక్కకు జరిగి, దారి వదిలి, గోడకు ఆనుకుని నిలబడింది. అలాగే కొంచెంసేపు చూసింది.

“రాదేం?” అంది.

“ఏది?”

“పిల్లి. దాన్ని వదలడానికేగా తీశారు?”

“అది లోపల పడుకుంది” అన్నాడు. బస్సంతా వినిపించే గొంతు, ఎదురుగా ఉన్న మనిషికి వినిపించేలా తెచ్చుకోవడానికి మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చింది. “నీకోసమే లేచాను.”

పరీక్ష ఏమైందని ఆవిడ అడగలేదు. చెప్పులు విప్పలేదు, లోపలికీ రాలేదు. సంచీ గుండెలకు పట్టుకుని, గోడకు ఆనుకునే ఉండి, “ఇంకోసారి చెప్పండి” అంది.